నడుము నొప్పికి రిఫార్మర్ పిలాటిస్: నల్గొండలో మొదలుపెట్టబోతున్నాను, చేసినవాళ్లు చెప్పండి

రామగిరి టీచరు

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు. ఉండేది నల్గొండలో, రామగిరి దగ్గర. ఉద్యోగం చండూరు వైపు ఒక ఉన్నత పాఠశాలలో, లెక్కల టీచరుగా. రోజూ రానూపోనూ రెండు గంటలకు పైగా బస్సులో కూర్చోవడం, మిగతా పొద్దంతా బోర్డు ముందు నిలబడటం. రెండేళ్లుగా నడుము కింది భాగం పట్టేస్తోంది. కూర్చున్నదాన్ని లేచానంటే మొదటి పది అడుగులు మా అత్తగారికన్నా వంగి నడుస్తాను. ఆవిడకు 74. డాక్టరుకు చూపించాను. ఎక్స్‌రేలో కంగారు పడాల్సింది ఏమీ లేదు, కండరాలు బలహీనంగా ఉన్నాయి, వ్యాయామం చేయమన్నారు. మాత్రలు వేసుకున్నన్నాళ్లు బాగుంటుంది, ఆపితే మళ్లీ మామూలే.

మా వీధికి దగ్గర్లో ఫిజియోథెరపీ క్లినిక్ నడిపే అమ్మాయి ఈమధ్య రెండు మెషిన్లు తెప్పించింది. చూడటానికి పొడవాటి చెక్క మంచానికి పట్టాలు వేసి, తాళ్లు, కప్పీలు, స్ప్రింగులు బిగించినట్టు ఉంది. పేరు రిఫార్మర్ అట. దాని మీద చేయించేది పిలాటిస్, అంటే పొట్ట, నడుము కండరాలకు బలం తెచ్చే వ్యాయామాలట. "పిలాటిస్ నేల మీదకన్నా దీని మీద మొదలుపెడితే మీకు సులువు మేడం" అంటోంది. ఒక్కో తరగతికి 500 రూపాయలు. వారానికి రెండు చొప్పున నెలకు 4 వేలు.

చాప వేసుకుని చేసేదానికీ ఈ మెషిన్‌కూ అసలు తేడా ఏమిటి? చిన్నప్పుడు ఆటల పీరియడులో కూడా చెట్టు కింద కూర్చున్న మనిషిని నేను, జారే పలక మీద పడుకుంటే కింద పడనా? ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది? మా వారేమో "నెలనెలా కట్టే బదులు ఆ మెషినే వాయిదాల్లో కొనేద్దాం" అంటున్నారు. ఆయన కొన్న ట్రెడ్‌మిల్ మీద ఇప్పుడు దుప్పట్లు ఆరుతున్నాయి, కాబట్టి ఆ మాట నేను పట్టించుకోలేదు. అయినా అడుగుతున్నాను.

తిప్పర్తి నాగలి

టీచరమ్మా, తప్పుగా అనుకోకండి. పడుకుని కాళ్లతో తోయడానికి 500 రూపాయలా? నాట్ల రోజుల్లో మా పొలానికి రండి, ఎదురు మేమే కూలి ఇస్తాం. మా అమ్మ నలభై ఏళ్లు నాట్లు వేసింది. పిలాటిస్ అంటే ఏదో తినేదనుకుంటుంది.

పాలమూరు స్టీరింగు

నాగలి తమ్ముడూ, మీ అమ్మగారి నడుము ఇప్పుడెలా ఉందో కూడా రాసి ఉంటే బాగుండేది. నేను 31 ఏళ్లు బస్సు నడిపాను. రోజంతా స్టీరింగు తిప్పినవాడి చేతులు ఉక్కులా ఉండాలి కదా? రిటైరయ్యే నాటికి చొక్కాలో కుడి చేయి దూర్చడానికి మా ఆవిడను కేకేసేవాణ్ణి. పనికీ వ్యాయామానికీ పోలిక పెట్టకు.

టీచరు గారూ, నాకు 61. మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దగ్గర ఉంటాం. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఫిజియోథెరపిస్టు. రిటైరైన ఏడాది నన్ను తీసుకెళ్లి ఈ మెషిన్ మీద పడుకోబెట్టింది. రెండేళ్లుగా చేస్తున్నాను. మొదట్లో నెలకు నాలుగుసార్లు హైదరాబాద్ వెళ్లేవాణ్ణి, ఇప్పుడు రెండుసార్లు. మిగతా రోజుల్లో ఇంట్లో చాప. కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. కాస్త పొడుగవుతుంది, రిటైరైనవాడిని, ఓర్చుకోండి.

నా కంటికి ఆ మెషిన్ పట్టాలెక్కించిన చాసిస్‌లా కనిపించింది. మధ్యలో చక్రాల మీద జరిగే పలక, దాన్ని క్యారేజ్ అంటారు. భుజాలు ఆనడానికి దాని మీద రెండు దిమ్మలు. కాళ్ల వైపు అడ్డంగా ఒక కమ్మీ, అది ఫుట్‌బార్. ఆ కమ్మీ కిందే నాలుగో ఐదో స్ప్రింగులు. బస్సు కింద ఉండే కమాను పట్టీలు బరువు మోస్తాయి, ఇవి మోయవు. పలకను వెనక్కి లాగుతూ ఉంటాయి, అంతే. ఎన్ని తగిలిస్తే అంత గట్టిగా లాగుతాయి. మా అమ్మాయి దగ్గర ఎరుపు గట్టిది, నీలం అందులో సగం, పసుపు ఇంకా తేలిక. మరో కంపెనీ మెషిన్‌లో ఇవే రంగులకు వేరే లెక్క. అందుకని రంగులు బట్టీ పట్టకండి. మీ క్లినిక్‌లో ఏది ఎంత గట్టిదో ఒకసారి చేత్తో లాగి చూడండి.

మొదటి పాఠం ఫుట్‌వర్క్. వెల్లకిలా పడుకుని, పాదాలు కమ్మీకి ఆనించి తోయాలి. పలక వెనక్కి పోతుంది, మళ్లీ తీసుకురావాలి. క్లచ్ తొక్కినట్టే ఉంది, ఇదేం పెద్ద విద్య అనుకున్నాను. మా అమ్మాయి ఏమీ అనకుండా ఫోనుతో వీడియో తీసి చూపించింది. రెండు కాళ్లూ సమానంగా తోస్తున్నాయని నేను ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి. వీడియోలో చూస్తే ఎడమ మోకాలు ముందే చాపుకుంటోంది, కుడిది దాని వెనకాల వస్తోంది. అప్పుడు ఒక్కో కాలితో విడిగా చేయించింది. అదే స్ప్రింగు మీద ఎడమ కాలు పదిసార్లు తోసి ఇంకా కావాలంది. కుడి కాలు ఆరోసారికే వణకడం మొదలుపెట్టింది. ఆలోచిస్తే అర్థమైంది. 31 ఏళ్లు ఎడమ కాలు క్లచ్ తొక్కింది, అదీ పాత బండ్ల క్లచ్. కుడి కాలికి ఎక్సలేటర్ మీద ఆని ఉండటం, మధ్యమధ్యలో బ్రేకు తొక్కడం తప్ప ఏం పని? ఆ తేడా నడుము దాకా వెళ్లి ఉంటుందని మా అమ్మాయి అంటుంది. అంత దూరం నాకు తెలియదు కానీ, మీరు బోర్డు మీద రాసేటప్పుడు ఏ కాలి మీద బరువు వేసి నిలబడుతున్నారో ఒకసారి గమనించండి.

ఇక మా ఇద్దరికీ గొడవైన సంగతి. "నాన్నా, నడుము న్యూట్రల్‌లో పెట్టు" అంది. ఘాట్ రోడ్డు మీద బండిని న్యూట్రల్‌లో పెట్టినవాడు డ్రైవరే కాదని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. ఆ మాట చెవిన పడగానే నేను ఒళ్లంతా బిగించేశాను. ఆమె చెప్పే న్యూట్రల్ వేరట. వెన్నుకు సహజంగా ఉండే వంపును అలాగే ఉండనివ్వడం. నడుమును పలకకు అదిమేయకూడదు, విల్లులా లేపనూకూడదు. ఆ రెండింటి మధ్య చోటు దొరకడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. ఇప్పటికీ నాలుగో స్ప్రింగు తగిలిస్తే జారిపోతుంది.

కానీ ఘాట్ రోడ్డు తెలివి మరోచోట పనికొచ్చింది. దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ వైపు దిగుతాం చూడండి, అక్కడ బండిని గేరులో ఉంచి, ఇంజనుతో పట్టి ఆపుతూ దించుతాం. వదిలేస్తే అది మనల్ని తీసుకుపోతుంది. ఈ మెషిన్ మీద తోయడం ఎక్కడం లాంటిది, అది ఎవడైనా చేస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు స్ప్రింగు లాగేస్తుంటే దాన్ని పట్టి, మెల్లగా, చప్పుడు కాకుండా పలకను ఇంటికి చేర్చాలి. పలక వచ్చి టక్కున కొట్టుకుంటే మా అమ్మాయి అక్కడినుంచే "నాన్నా, బ్రేకు" అంటుంది. రెండు మూడు లెక్కల్లో తోసి, నాలుగు లెక్కల్లో తీసుకురండి. తొడలు మండేది ఆ రాకలోనే.

నన్ను బోల్తా కొట్టించినది ఇంకొకటి ఉంది. స్ప్రింగులు తగ్గిస్తే సులువవుతుందనుకున్నాను. పడుకుని కాళ్లతో తోసేటప్పుడు ఆ మాట నిజం. చేతులు కమ్మీ మీద, కాళ్లు పలక మీద పెట్టి ఒళ్లంతా పలకలా నిలిపే ఆసనంలో మాత్రం లెక్క తలకిందులు. స్ప్రింగు ఎంత తక్కువైతే పలక అంత స్వేచ్ఛగా జారుతుంది, దాన్ని పొట్టతో పట్టుకోవాలి. పక్క మెషిన్ మీద ఉన్న సన్నటి కుర్రాణ్ణి చూసి పౌరుషానికి ఒక స్ప్రింగు తీయించుకున్నాను. ఒక నిమిషం కూడా ఆగలేదు.

పడటం గురించి అడిగారు. నేను పడింది ఒక్కసారే. వ్యాయామం చేస్తూ కాదు, అయిపోయాక దిగుతూ. ఫోను మోగిందని గబుక్కున లేచి పలక మీద ఒక కాలు మోపాను. అప్పటికి స్ప్రింగులన్నీ విప్పేసి ఉన్నాయి. పలక సాఫీగా జరిగిపోయింది, నేను నేల మీద ఉన్నాను. అందుకని ఎక్కేముందు ఒక్క స్ప్రింగైనా తగిలించి ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి, చెయ్యి కమ్మీ మీద ఉంచి కూర్చోండి, తర్వాత పడుకోండి. నిలబడి చేసేవి వచ్చినప్పుడు కదలని చెక్క మీద మొదటి కాలు, కదిలే పలక మీద రెండోది. దిగేటప్పుడు పలక మీది కాలు ముందు తీయాలి. ఫుట్‌బోర్డు మీద ప్రయాణించేవాళ్లను 31 ఏళ్లు తిట్టినవాడిని, నాకే ఆ గతి పట్టింది.

కొనే సంగతికి ఒక్క మాట. ఆ మెషిన్ దాదాపు 8 అడుగుల పొడవు ఉంటుంది, పక్కన మనిషి నిలబడే చోటు వేరే కావాలి. స్ప్రింగులు అరుగుతాయి, సుమారు రెండేళ్లకోసారి మార్చమని కొన్ని కంపెనీలే చెబుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, మన మోకాలు ముందు పోతోందని చెప్పడానికి ఇంట్లో ఎవరుంటారు? మీ ఇంటికి వచ్చిన చుట్టాలు దాని మీద కూర్చుని జారిపడతారు, అంతే.

రామగిరి టీచరు

స్టీరింగు గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. దిగేటప్పటి సంగతి ఎవరూ చెప్పలేదు నాకు. రేపు వెళ్లి పేరు రాయిస్తాను. ఆడవాళ్లెవరైనా చేస్తుంటే ఒక సందేహం. ఏం వేసుకోవాలి? చీర కుదరదని తెలుసు, కానీ బిగుతు బట్టలు వేసుకుని మా వీధిలో నడిచి వెళ్లలేను. నా విద్యార్థుల్లో సగం మంది ఆ వీధిలోనే ట్యూషన్‌కు వస్తారు.

పుట్టపాక పోగు

అక్కా, మోకాళ్లదాకా ఉండే కుర్తా, లెగ్గింగ్స్ వేసుకుని వెళ్లండి, కుర్తా చివర్లు లోపల దోపుకోండి. వేలాడే బట్ట ఏదైనా సరే స్ప్రింగుల మధ్యకో చక్రం కిందకో పోవచ్చు. చున్నీ బయట మేకుకు తగిలించాల్సిందే. నాది నడుం దాటే జడ. రెండో తరగతిలో అది పలక పక్కనుంచి కిందికి వేలాడి చక్రం దారిలో పడింది. మా ట్రైనర్ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి నడినెత్తిన కొప్పు పెడుతున్నాను. తల వెనక పెట్టారంటే పడుకున్నప్పుడు గుచ్చుకుంటుంది.

పుస్తెలతాడు ఒకటి. మెషిన్ తాళ్ల చివర ఉండే పట్టీల్లో కాళ్లు దూర్చి నడుము పైకి లేపే వ్యాయామం వస్తుంది. అప్పుడు గొలుసు మెడ మీదుగా జారి గడ్డం దగ్గరికి, ఇంకా లేపితే నోట్లోకి వస్తుంది. తీయడానికి మనసొప్పకపోతే వెనక్కి వేసుకుని బట్టకు పిన్ను పెట్టకండి, పడుకుంటే పిన్ను వీపుకు దిగుతుంది. ముందువైపే లోపలి బనియన్‌లోకి దోపండి. మెట్టెలు మాత్రం తీసేయాలి. వేళ్ల మొదళ్లతో కమ్మీని తోసేటప్పుడు పక్క వేలిని నొక్కి చంపుతాయి. అరికాలికి రబ్బరు చుక్కలున్న సాక్సులు దొరుకుతాయి, రెండు జతలు కొనుక్కోండి.

మాది చేనేత ఇల్లు. నేను ఉద్యోగానికి ఎల్బీనగర్ వైపు వచ్చి స్థిరపడ్డాను. మొదటిసారి ఆ మెషిన్ చూసినప్పుడు అందరికీ జిమ్ గుర్తొస్తే నాకు మా నాన్న గుంట మగ్గం గుర్తొచ్చింది. పైనుంచి తాళ్లు, చెక్క చట్రం, కాళ్లతో తొక్కడం, ప్రతి కదలికకూ ఒకే తూకం. మగ్గం మీద తొందరపడితే పోగు తెగుతుంది, ఇక్కడ తొందరపడితే పలక కొట్టుకుంటుంది. తేడా ఏమిటంటే మా నాన్న గుంటలో కాళ్లు పెట్టి వీపు వంచి పూటంతా కూర్చునేవాడు, ఈ మెషిన్ మీద ఆ వీపును చాపుతారు.

నేను చేరింది నడుముకు కాదు, భుజానికి. పెళ్లయ్యేదాకా అమ్మతో పాటు ఆసు పోశాను. తెలియనివాళ్లకు చెబుతున్నాను, నేతకు ముందు పోగును సిద్ధం చేసే పని అది, ఒక్క చీరకు పోగును అటూ ఇటూ మేకుల చుట్టూ తిప్పుతూ చేయి 9 వేల సార్లు ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజిపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి అమ్మ కుడి చేయి కొంగు సర్దుకునేంత ఎత్తు కూడా లేవడం మానేసింది. నాకూ ఆ లక్షణాలు మొదలయ్యాకే భయపడి చేరాను. పట్టీలు చేత్తో పట్టుకుని లాగే వ్యాయామాలు అన్నిటికన్నా తేలిక స్ప్రింగు మీద మొదలుపెట్టించారు. భుజం చెవి వైపు లేస్తే చాలు, ఆపేస్తుంది ట్రైనర్. ఆ ఒక్కటి నేర్చుకోవడానికే నెలన్నర.

మర్రిగూడ మనవడు

ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మకు 63. పుట్టింది, పెరిగింది, మెట్టింది అన్నీ మర్రిగూడ మండలంలోనే. బడిలో మాకు నల్గొండ టెక్నిక్ అని పాఠం చెప్పేవారు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ ఎలా తీయాలో. పరీక్షలో అయిదు మార్కులు తెచ్చుకుని ఇంటికొచ్చి ఆ బోరు నీళ్లే తాగేవాళ్లం. మిషన్ భగీరథ నీళ్లు వచ్చేసరికి అమ్మకు యాభై దాటాయి. ఇప్పుడు మెడ పక్కకు తిరగదు, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. వంగలేదు. ఇలాంటి మెషిన్ మీద సాగదీయిస్తే కొంత వదులవుతుందా?

దేవరకొండ ఫిజియో

మనవడు గారూ, మీ ప్రశ్నకే ముందు జవాబు. సాగదీయించకండి. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ ముదిరితే, కీళ్ల చుట్టూ ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని అవి గట్టిపడతాయి. అది కండరం బిగుసుకోవడం లాంటిది కాదు, లాగితే వదులు కాదు. ఎముక ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది కానీ ఆ దట్టం బలం కాదు, విరగవచ్చు. కొందరిలో వెన్నుపాము ఉండే దారి ఇరుకై నరం మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి ముందు ఎముకల డాక్టరుకు చూపించి మెడ, నడుము ఎక్స్‌రే తీయించండి. కాళ్లలో తిమ్మిరి, నడకలో తడబాటు ఉంటే ఇంకా ఆలస్యం చేయకండి. ఆయన సరేనన్నాక ఊపిరి వ్యాయామాలు, కూర్చుని లేవడం, ఉన్న కదలికను పోగొట్టుకోకుండా చూసుకోవడం, వీటితో మొదలుపెట్టవచ్చు. మెషిన్ వాడినా తల కింద ఎత్తు పెట్టి, తేలిక స్ప్రింగుతో, నొప్పి లేనంత మేరకే. వంగకపోయినా పడిపోకుండా నడవగలిగితే ఆమెకు అది చాలా ఎక్కువ.

టీచరు గారూ, చాపకూ మెషిన్‌కూ తేడా అడిగారు, దానికి ఎవరూ సూటిగా చెప్పలేదు. చాప మీద మీ కాళ్లు, చేతులు, తల, వీటి బరువు మొత్తం మీరే మోయాలి. పొట్ట కండరాలు బలహీనంగా ఉన్నవాళ్లు ఆ బరువుకు నడుముతో దొంగదారి వెతుక్కుంటారు. రిఫార్మర్ మీద స్ప్రింగు కొన్నిచోట్ల అడ్డుపడుతుంది, కొన్నిచోట్ల సాయం చేస్తుంది. కాళ్లు పట్టీల్లో పెట్టారనుకోండి, వాటి బరువులో కొంత తాళ్లు తీసుకుంటాయి, మీరు తుంటిని నెమ్మదిగా తిప్పడం మీద దృష్టి పెట్టగలరు. అందుకే క్లినిక్‌లో ఆ అమ్మాయి సులువన్నది. సులువు అంటే చెమట పట్టదని కాదు.

ఈ మెషిన్ ఆసుపత్రి మంచం నుంచే పుట్టిందని అంటారు. దీన్ని కనిపెట్టిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు, చిన్నప్పుడు ఉబ్బసం మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో ఉండటంతో శత్రుదేశం వాడని ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో నిర్బంధించారు. అక్కడ లేవలేని రోగులు పడుకునే వ్యాయామం చేసేలా మంచాలకు స్ప్రింగులు బిగించాడని చెబుతారు. 1926 ప్రాంతంలో న్యూయార్క్ వెళ్లి స్టూడియో పెట్టాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ, అంటే అదుపు విద్య. స్టీరింగు గారి ఘాట్ రోడ్డు మాట ఆయనకు నచ్చి ఉండేది.

నడుము నొప్పికి ఎంత పనిచేస్తుందంటారా, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో తెచ్చిన సమీక్ష 10 పరిశోధనలను, మొత్తం 510 మందిని కలిపి చూసింది. పెద్దగా ఏ చికిత్సా లేనివాళ్లతో పోలిస్తే పిలాటిస్ చేసినవాళ్లకు నొప్పి తగ్గింది. ఇతర వ్యాయామాలకన్నా ఇది మిన్న అని మాత్రం తేల్చలేకపోయింది. నా దగ్గరికి వచ్చేవాళ్లకూ ఇదే చెబుతాను. మీరు మానకుండా చేయగలిగేది ఏదో అది చేయండి. మెషిన్ చూసి ముచ్చటపడి వారానికి రెండుసార్లు వస్తారంటే మెషిన్ మంచిదే. ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు మొదటి రోజే ఆ సంగతి ట్రైనర్‌కు చెప్పాలి. ముందుకు వంచేవి, తల కిందికి వచ్చేవి వాళ్లకు వేరుగా మార్చాలి. నొప్పి కాలిలోకి దిగుతుంటే, పాదం పట్టు తప్పుతుంటే, మూత్రం మీద అదుపు పోతుంటే వ్యాయామం కాదు, వెంటనే డాక్టరు.

తిప్పర్తి నాగలి

స్టీరింగు అన్నా, మీరు అడిగారని ఇంటికెళ్లి చూశాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని లేవాలంటే ముందు మోకాలి మీద చెయ్యి, తర్వాత గోడ, తర్వాత తలుపు గడియ. రోజూ చూస్తున్నదే, ఇలా లెక్కపెట్టలేదు ఎప్పుడూ. మా ఊళ్లో మెషిన్లు లేవు, ఆమె నల్గొండకు వారానికి రెండుసార్లు రాదు. ఫిజియో గారూ, ఇంట్లో చేయించదగినది ఏదైనా ఉందా?

దేవరకొండ ఫిజియో

ఉంది. ఒకసారి ఎవరికైనా చూపించండి, ఆ తర్వాత ఇంట్లోనే. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనకుండా ఎనిమిదిసార్లు లేపి కూర్చోబెట్టండి. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. మెల్లగా కూర్చోవడమే అందులో అసలు పని. రెండోది, చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తి దించడం. ఇవి రెండూ మూడు వారాలు చేయించి మళ్లీ ఇక్కడ రాయండి. పొయ్యిని గట్టు మీదికి మార్చగలిగితే నా మాటలకన్నా అదే ఎక్కువ మేలు చేస్తుంది.

రామగిరి టీచరు

ఐదు వారాలైంది, పది తరగతులు పూర్తయ్యాయి. ఉన్నదున్నట్టు రాస్తాను.

మొదటి తరగతి అరగంట కూడా లేదు. ఫుట్‌వర్క్, ఊపిరి, ఎక్కడం, దిగడం. ఇంతేనా అనుకుంటూ ఇంటికొచ్చాను. మర్నాడు బస్సు మెట్లెక్కుతుంటే తొడలు వణికాయి, కండక్టరు చెయ్యి అందించాడు. రెండో వారంలో హండ్రెడ్ అనే వ్యాయామం చేయించింది. పట్టీలు పట్టుకుని చేతులు చిన్నగా ఆడిస్తూ, ఊపిరి పీలుస్తూ 5, వదులుతూ 5, అలా పదిసార్లు. లెక్కల టీచరును కాబట్టి హుషారుగా లెక్కపెట్టాను. 60 దగ్గర మెడ పట్టేసింది. తల పైకి లేపి చేస్తున్నాను మరి. తల దిండు మీదే ఉంచి చేయమంది. అప్పుడు 100 అయ్యాయి. దిండు మీద తల పెట్టుకోవడం చిన్నతనం కాదని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పుట్టపాక చెల్లెమ్మా, మీ కొప్పు సలహా, మెట్టెల సలహా రెండూ పాటించాను. పుస్తెలతాడు గురించి రాసింది చదివి నవ్వుకున్నాను, మూడో వారంలో అది నా నోట్లోకి వచ్చింది.

నొప్పి పోయిందని చెప్పను. పరీక్ష పేపర్లు దిద్దిన రెండు రోజులు పాత నొప్పే వచ్చింది. కానీ లేచాక వంగి నడిచే పది అడుగులు ఇప్పుడు నాలుగో ఐదో అయ్యాయి. అది నేను చెబుతున్న లెక్క కాదు, మా అత్తగారిది. ఆవిడ మంచం మీద కూర్చుని చూస్తూ ఉంటుంది.

స్టీరింగు గారూ, ఏ కాలి మీద నిలబడతానో గమనించమన్నారు కదా. బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు నాకెలా తెలుస్తుంది? తొమ్మిదో తరగతిలో ముందు బెంచీ అమ్మాయిని అడిగాను, నేను రాసేటప్పుడు ఎలా నిలబడతానో చూసి చెప్పమని. చూడాల్సిన అవసరమే లేదంది. "కుడి కాలి మీద మేడం. ఎడమ కాలు మడమ ఎత్తి ఊపుతూ ఉంటారు. ఎప్పుడు కింద పెడతారా అని మేం పందెం కాసుకుంటాం."

పాలమూరు స్టీరింగు

ఇప్పుడు ఎవరు గెలుస్తున్నారో కూడా అడగండి.